బొటనవేలి కింద రంగు

పోయిన బుధవారం మధ్యాహ్నం రాయదుర్గంలో మా ఆఫీసు క్యాంటీన్‌లో నేను ఒక అబద్ధం ఆడాను. చిన్నదే. మా టీములో కొత్తగా చేరిన దివ్య అనే అమ్మాయి భోజనాలయ్యాక టిఫిన్ డబ్బాలన్నీ పక్కకు జరిపి బల్ల మీద ఒక చీట్ల కట్ట పరిచింది. మంత్రగాళ్లూ, రెక్కల గుర్రాలూ, నిప్పులు కక్కే జంతువులూ బొమ్మలుగా ఉండే చీట్లు. కొనుక్కొని, ఒకరితో ఒకరు మార్చుకొని, ఎవరి కట్ట వాళ్లు పేర్చుకొని ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట. టీములోని కుర్రాళ్లు నలుగురూ చుట్టూ మూగారు. "మీరూ రండి సార్, రంగుల రూల్స్ అర్థమైతే ఆటంతా అర్థమైనట్టే," అని ఒక చీటీ నా చేతిలో పెట్టి, "ఇది ఏ కట్టలోకి వెళ్తుందో చెప్పండి చూద్దాం," అంది. ఈ కాలపు చీటీ అది. అంచు నుంచి అంచు దాకా బొమ్మే, మూలన రంగు చెప్పే గుర్తు లేదు. ఒక అడవి. పచ్చటి అడవో, తగలబడుతున్న అడవో నాకు తెలియలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. "అద్దాలు సీటు దగ్గర మరచిపోయానమ్మా," అని చీటీ బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను. అద్దాలు నా చొక్కా జేబులోనే ఉన్నాయి. అవి ఆ అమ్మాయికి కనిపించే ఉంటాయి.

నాకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. ఈ వాక్యాన్ని నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను. పెట్టాక పెద్ద సంగతేం కాదనిపిస్తోంది గానీ, దీన్ని దాచడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మా ఉద్యోగంలో ప్రతి సోమవారం ఒక పట్టిక పంపాలి. సాగుతున్న పనికి ఆకుపచ్చ గడి, ఆగిన పనికి ఎర్ర గడి. నా టీములో మాత్రం ప్రతి గడిలోనూ రంగుతో పాటు మాట కూడా రాసి తీరాలన్నది నియమం. "సామ్యూల్ సార్ దగ్గర పద్ధతంటే పద్ధతే," అని పైవాళ్లు మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నేను మాట మార్చేస్తాను. ఇరవై ఏళ్లుగా ఒక గదిలో ఉండి, తలుపు బయటి నుంచి ఎవరు తోస్తారోనని గడియకు వీపు ఆనించి నిలబడ్డ మనిషిలా బతికాను.

దివ్య చెప్పబోయిన నియమాలు నాకు ముందే తెలుసు. పంతొమ్మిదేళ్లప్పుడే తెలుసు. అవి నేర్చుకున్న ఇల్లు శేరిలింగంపల్లిలో రైలు పట్టాలకు వెనక వీధిలో ఉండేది. కింద రెండు గదులూ వంటిల్లూ, పైన కిరాయికి ఇచ్చే ఒక గది. అప్పటికి రాయదుర్గం అంటే రాళ్ల గుట్టలు. హైటెక్ సిటీ అంటే ఒక గుండ్రటి మేడ, దాని చుట్టూ దుమ్ము. మా నాయిన దేవదానం రైలు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంట్లోకి వస్తే ఆయన కంటే ముందు డీజిలు వాసన వచ్చేది. ఇనుప పెట్టె గుమ్మం పక్కన పెట్టి, పెరట్లో బట్టల సబ్బుతో మోచేతుల దాకా మూడుసార్లు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా కుడి బొటనవేలి గోరు నల్లగానే ఉండేది. ఏదో ఇనుము మీద పడి నలిగిన గోరు, మళ్లీ తెల్లబడలేదు. ఆ తర్వాత చొక్కా మార్చుకుని, చాప వేసుకుని, ముగ్గురం ప్రార్థన చేసుకున్నాకే అన్నం.

ఇంజనులో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. దూరంగా సిగ్నల్ కంటబడగానే ఒకరు చెయ్యి చాపి దాని రంగు గట్టిగా చెప్పాలి. రెండో అతను తన కళ్లతో చూసి, అదే మాట తిరిగి చెప్పాలి. దాన్ని నాయిన "పిలుసుడు" అనేవాడు. ఇద్దరి మాటా ఒకటైతే బండి నడుస్తుంది, తేడా వస్తే ఆగుతుంది. ఆ అలవాటును ఆయన ఇంట్లోకి కూడా మోసుకొచ్చాడు. మా అమ్మ "గ్యాస్ కట్టేశానండి" అంటే ఆయన పొయ్యి దాకా వెళ్లి చూసొచ్చి "గ్యాస్ కట్టేసింది" అనేవాడు. పడుకోబోయే ముందు నేను "తలుపు గడియ" అనాలి, ఆయన చూసి "గడియ" అనాలి. చూడకుండా తిరిగి చెప్పామా, మా పని అయిపోయినట్టే. "కండ్లతోని చూసినంకనే పిలువాలె. పక్కోడు చెప్పిండని పిలిస్తె గది పిలుసుడు కాదు, వంత పాడుడు," అనేవాడు. చుట్టాలు నవ్వుకునేవాళ్లు. మాకు అది అన్నం తిన్నంత మామూలు.

స్కూటరు మీద వెనక కూర్చున్నప్పుడు కూడలి రాగానే నాయిన తల తిప్పకుండా అడిగేవాడు. "సామేలూ, ఏందిరా?" నేను చూసి "ఎర్ర నాయినా" అనేవాణ్ని. "ఎర్ర," అని బ్రేకు వేసేవాడు. కాసేపటికి "పచ్చ" అనేవాణ్ని, "పచ్చ" అని కదిలించేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు నేను. పై దీపాన్ని ఎర్ర అంటారు, కింది దీపాన్ని పచ్చ అంటారు. నాకు తెలిసిందంతే. గడియారంలో ముల్లు ఎక్కడుందో చూసి గంట చెప్పినట్టు, అందరూ అలాగే చెబుతారనుకున్నాను.

తొమ్మిదేళ్లప్పుడనుకుంటా, ఒక సాయంత్రం నాయిన నన్ను స్టేషన్‌కు తీసుకెళ్లి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిపించాడు. అక్కడ పొడుగాటి స్తంభానికి రైలు సిగ్నల్. కింది దీపం వెలుగుతోంది. "ఇగ పిలువు," అన్నాడు, కొడుక్కి తన రాజ్యం చూపించే గర్వంతో. నేను ఆయన చెప్పినట్టే చెయ్యి చాపి, గొంతెత్తి "పచ్చ" అన్నాను. నాయిన మొహంలో గర్వం ఉన్నచోటే ఉండిపోయి గడ్డకట్టింది. రోడ్డు మీద ఎర్ర దీపం పైనుంటుంది, రైలుకు ఎర్ర దీపం అడుగున ఉంటుంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? రంగు కనబడేవాడికి పైనేముంటే ఏమిటి, కిందేముంటే ఏమిటి. "ఆటలాడుతున్నవా?" అన్నాడాయన. నేను నవ్వాను. ఎక్కడో తప్పు జరిగిందని తెలిసినప్పుడు నవ్వేయడం అప్పటికే నేర్చుకున్నాను. ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళ్లలేదు.

మా అమ్మ రత్నకుమారి ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. కృష్ణా జిల్లా మనిషి. పెళ్లయి ఎన్నేళ్లయినా నాయినను "అండి" అనడం మానలేదు, తన ఊరి యాస మార్చుకోలేదు. ఆమె చీర దగ్గర గంజి వాసనా స్పిరిట్ వాసనా కలిసి ఉండేవి. నా రంగు పెన్సిళ్లన్నిటికీ కాగితం చుట్టి, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసేది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ. నన్ను టమాటాలకు పంపితే "రంగు చూసి మోసపోకు, నొక్కి చూడు, ముచ్చిక దగ్గర వాసన చూడు," అని చెప్పేది. బడికి వేసుకునే మేజోళ్లు జతలు జతలుగా ముడి వేసి ఉంచేది. తల్లులందరూ ఇంతే కాబోలనుకున్నాను. ఆ ముడుల వెనక ఏముందో నాకు తెలియడానికి ఒక చీట్లాట కావలసి వచ్చింది.

పైగదిలో కిరాయికి దిగిన శేషు కాకినాడ వైపు అబ్బాయి. హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం, కంపెనీవాళ్లు సింగపూరు పంపితే ఆరు నెలలుండి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక బూట్ల డబ్బా నిండా ఈ చీట్లు తెచ్చుకున్నాడు. ఆడటానికి మనిషి కావాలి. నేను పాలిటెక్నిక్ అయిపోయి, రైల్వేలో అసిస్టెంటు డ్రైవరు రాతపరీక్ష రాసి ఖాళీగా ఉన్నాను. "తమ్ముడూ, ఓసారి ఇలా రా. ఇది నేర్చుకున్నావంటే బుర్ర పదునెక్కుద్ది," అని పిలిచాడు. మా ఇంట్లో పత్తాలు, అంటే పేకాట, నిషిద్ధం. నాయిన చర్చిలో సంఘ పెద్ద. పండగనాడు పక్కింట్లో ఎవరైనా పత్తాలు పంచుతుంటే కిటికీ మూసేవాడు. అందుకని ఆదివారం గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక "కంప్యూటర్ నేర్చుకోనీకి పోతున్న" అని చెప్పి మెట్లెక్కేవాణ్ని. శేషు దగ్గర కంప్యూటరు ఉన్న మాట నిజమే. దాని బల్ల మీదే మా చీట్లు పరుచుకునేవాళ్లం.

ఆ ఆటలో ఐదు రంగులు. ఎరుపుకు మంట గుర్తు, ఆకుపచ్చకు ఆకు, నీలానికి నీటిచుక్క, పసుపుకు సూర్యుడు, తెలుపుకు ఈక. ఒక్కో రంగుకూ ఒక్కో స్వభావం. ఎరుపు కోపిష్టిది, ముందు కొట్టి తర్వాత ఆలోచిస్తుంది. ఆకుపచ్చ నిదానంగా పెరిగి చివర్లో మీద పడుతుంది. ముందుగా ఒక నాయకుణ్ని ఎంచుకోవాలి. ఆ నాయకుడి రంగులేవో ఆ రంగుల చీట్లే కట్టలో ఉండాలి. నాయకుడు ఆకుపచ్చ అయితే కట్టంతా ఆకుపచ్చే, ఎంత బలమైన ఎర్ర చీటీ చేతికొచ్చినా పనికిరాదు. ఇంతవరకూ తేలికే. తలనొప్పంతా తర్వాతి నియమంతోనే. "ఇదిగో, ఈ చీటీ అంచు ఆకుపచ్చే. కానీ కింద రాత మధ్యలో ఓ బుల్లి మంట గుర్తు ఉంది, చూశావా? అంటే ఇది ఎర్రది కూడా అన్నమాట. నీ ఆకుపచ్చ నాయకుడి కట్టలో ఇది ఉండటానికి లేదు," అని శేషు ఆ చీటీని నా కట్టలోంచి లాగేశాడు. "పైకి అంతా పచ్చగానే ఉంది గదన్నా," అని నేను గొడవ పెట్టుకున్నాను. "పైకి ఎలా ఉంటే ఏంటి తమ్ముడూ, లోపల ఏ గుర్తుందో అదే లెక్క," అన్నాడు. ఆ చీటీ నాకు చాలా ఇష్టమైనది. నిజంగానే అలిగాను.

నెల తిరిగేసరికి నేనే గెలుస్తున్నాను. గుర్తులు నాకు కొట్టిన పిండి. అప్పుడే రాతపరీక్ష ఫలితం వచ్చింది, పాసయ్యాను. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది. ఆ కాగితాన్ని నాయిన గోడ మీద క్యాలెండరు మేకుకే గుచ్చి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "నా సీటు పక్కన నా కొడుకు కూసుంటడు," అని పాస్టరుగారి చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆయన అంతలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ వచ్చిన ఆదివారమే ఆట అయిపోయాక చీట్లన్నీ కలిసిపోయాయి. "రంగుల ప్రకారం వేరు చేసి పెట్టు తమ్ముడూ, నేను టీ పెడతా," అన్నాడు శేషు. టీ మరిగి గ్లాసుల్లోకి వచ్చేసరికి నేను పావు వంతు కూడా వేరు చేయలేదు. ఒక్కో చీటీ తీసి, మూల వెతికి, గుర్తు చూసి, కుప్పలో వేస్తున్నాను. అతను మిగతావి లాక్కుని, కబుర్లు చెబుతూ, సరిగ్గా చూడనైనా చూడకుండా టపటపా ఐదు కుప్పలు వేసేశాడు. గారడీ అనుకున్నాను. "గుర్తెందుకు వెతుకుతున్నావ్? రంగు చూసి వేసెయ్యొచ్చు కదా," అన్నాడు. తర్వాత ఏదో తోచినట్టుంది, గది అటు చివరికి వెళ్లి రెండు చీట్లు ఎత్తి పట్టుకున్నాడు. "ఈ రెండూ ఒకటేనా తమ్ముడూ?" "ఒకటే గదన్నా." అతని మొహంలో నవ్వు పోయింది. టీ గ్లాసు కింద పెట్టాడు. "రైల్వే మెడికల్ ఎప్పుడన్నావ్?" అని అడిగాడు.

ఇంకా ఇరవై రోజులుంది. మెట్లు దిగి వచ్చాను. వంటింట్లో అమ్మ గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కన కూర్చుని, రెండు రంగుల చీట్లు నాకు ఒకటిగానే కనబడ్డాయని చెప్పాను. ఆమె తుంచడం ఆపలేదు. ఆశ్చర్యపోలేదు. చేతిలోవి అయ్యాక చేట పక్కన పెట్టి, "మీ మామయ్యకీ ఇంతే," అంది. "నీకు నాలుగేళ్లప్పుడే చూశాను. మా వైపు నుంచే వచ్చింది, నా కడుపున పుట్టినందుకే నీకీ తిప్పలు. మీ నాన్నకు చెప్పలేకపోయాన్రా. నిన్ను ఎత్తుకున్న రోజు నుంచీ ఇంజనెక్కిస్తానని కలలు కంటున్న మనిషికి ఏమని చెప్పను?" పెన్సిళ్ల మీది అక్షరాలు, మేజోళ్ల ముడులు, టమాటాల వాసన అన్నీ ఒక్కసారిగా నా మీద కూలినట్టయింది. ఆమె మీద కోపం వచ్చింది. ఆ కోపంతో ఏం చేయాలో తెలియలేదు.

అమ్మ అప్పటికే దారి ఆలోచించి పెట్టుకుంది. రెండో రోజు దవాఖాన నుంచి, కళ్ల డాక్టరు గదిలోని చుక్కల పుస్తకం చీర మడతల్లో పెట్టుకుని తెచ్చింది. పేజీ నిండా రంగు చుక్కలు, వాటి మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. కళ్లు సరిగ్గా ఉన్నవాళ్లకు కనబడుతుంది. మెడికల్‌లో ఇదే చూపిస్తారని ఆమెకు తెలుసు. నాయిన డ్యూటీకి వెళ్లిన మధ్యాహ్నాలు తలుపు గడియ వేసి, నాకు ఆ పుస్తకం బట్టీ పట్టించింది. ఏ పేజీలో పైన ఎడమపక్క పెద్ద చుక్క ఉందో, దేని అంచు కాస్త ఎత్తుగా ఉందో, అదీ గుర్తు. "ఇది?" "ఎనిమిది." "ఇది?" "ఇరవై తొమ్మిది." చిన్నప్పుడు కీర్తనలు ఇలాగే, ఇదే గోడకు ఆనుకుని, ఇదే గొంతుతో అప్పజెప్పించుకునేది. నేను చూస్తున్నది వట్టి చుక్కలు. నోటితో అంటున్నది అంకెలు. కనబడకుండా పిలవడం అంటే అదే.

ఆ ఇరవై రోజులూ కక్కలేక మింగలేక తిరిగాను. మెడికల్‌లో దొరికిపోతే నాయిన మొహం ఎలా చూడను? దొరక్కపోతే అది ఇంకా ఘోరం. వెనక పన్నెండు వందల మంది కూర్చుని ఉంటారు, నేను చెయ్యి చాపి ఏదో ఒకటి పిలుస్తాను, పక్కనున్న డ్రైవరు నా మాట నమ్ముతాడు. ఆ డ్రైవరు మా నాయినే కావచ్చు. పారిపోదామంటే ఎక్కడికి? ఇంటి వెనక నుంచి గంటకో బండి వెళ్లేది, గిన్నెలు గలగలలాడేవి, అమ్మ "ఇది?" అని పేజీ తిప్పేది. క్యాలెండరు మేకుకు ఆ కాగితం ఫ్యాను గాలికి కొట్టుకుంటూ ఉండేది. నాయిన రోజూ పొద్దున లేవగానే దాని దగ్గరికి వెళ్లి తేదీ చూసుకునేవాడు. ఒకరోజు నా బూట్లకు తనే పాలిష్ వేసి పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

మెడికల్‌కు ఇంకా మూడు రోజులుందనగా శేషు గది ఖాళీ చేశాడు, కంపెనీ వాళ్లు మళ్లీ సింగపూరు పంపారు. వెళ్తూ వెళ్తూ చీట్ల డబ్బా నా చేతిలో పెట్టాడు. దాన్ని మంచం కింద నా బూట్ల పక్కన దాచాను. బూట్ల డబ్బానే కదా, ఎవరు చూస్తారనుకున్నాను. మర్నాడు సాయంత్రం ప్రార్థనకు ముందు నాయిన ఆ బూట్లకు మళ్లీ ఒకసారి పాలిష్ వేద్దామని మంచం కిందికి వంగాడు. డబ్బా మూత తీశాడు.

"గిదేంది?" అన్నాడు. గొంతు పెంచలేదు. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను. అమ్మ చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "పత్తాలా?" "పత్తాలు కావు నాయినా. పైసలు పెట్టి ఆడేది కాదు. రంగుల ఆట," అన్నాను. "కూసో. ఎట్ల ఆడుతరో చెప్పు." నేను చాప మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. నాయకుడు, కట్ట, ఐదు రంగులు, లోపలి గుర్తు. నాయిన శ్రద్ధగా విన్నాడు. సిగ్నళ్ల సంగతి మాట్లాడేటప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో అలాగే ఉంది. "అంటే రంగు తప్పితే ఆట పోతది," అన్నాడు. "పోతది," అన్నాను. ఆయన డబ్బాలోంచి ఒక చీటీ తీసి చూపించాడు. "ఇదేంది?" మూలన ఆకు. "పచ్చ," అన్నాను. ఇంకోటి. మంట. "ఎర్ర." ఇంకోటి. నేను చెప్పే ముందు నా కళ్లు ఎక్కడికి పోతున్నాయో ఆయన చూశాడు. దూరంగా ఉన్న దీపాన్ని ముప్పై ఏళ్లు చూసిన మనిషి. ఇంకొక చీటీ తీశాడు. నెమ్మదిగా ఆ నల్లగోరు బొటనవేలిని జరిపి, మూలనున్న గుర్తును మూశాడు. "ఇదేంది సామేలూ?"

"ఎరు..." అని అమ్మ గొంతు వినబడింది. నాయిన తల తిప్పలేదు. "నువ్వు పిలువకు," అన్నాడు. ఉన్నవి ఐదు రంగులే. నీలం, పసుపు, తెలుపు నాకు తెలుస్తాయి. అది ఆ మూడూ కాదు. కనుక ఎర్ర, కాకపోతే పచ్చ. అమ్మ సగం చెప్పనే చెప్పింది. ఆ మిగతా సగం నేను అంటే చాలు, ఎల్లుండి చుక్కల పుస్తకం అప్పజెప్పి, నాయిన పక్కన సీట్లో కూర్చుంటాను. ఆయన చీటీని ఇంకాస్త నా దగ్గరికి జరిపాడు. ఎర్ర అనమని ఆయన కూడా లోపల బతిమాలుకుంటున్నాడని నాకు అర్థమైంది. "తెల్వదు నాయినా," అన్నాను. "నాకు కనబడ్తలేదు."

ఆయన చీటీని డబ్బాలో పెట్టేశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "నీకు ఎరికేనా?" అన్నాడు. "తెలుసండి," అంది అమ్మ, గరిటె ఇంకా చేతిలోనే ఉంది. వెళ్లి చుక్కల పుస్తకం కూడా తెచ్చి ఆయన ముందు పెట్టేసింది. ఆయన రెండు పేజీలు తిప్పి మూశాడు. "ఇన్నేండ్ల సర్వీసుల నేను ఒక్కపాలి చూడకుండ పిలువలె రత్నం. నా ఇంట్ల, నా పిలగానితోని పిలిపిస్తున్నవా?" అన్నాడు. అరిస్తే బాగుండేది. అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత ఆయన అన్న మాట మా ఇద్దరం ఊహించనిది. "నిన్నెందుకు అంటున్న. నాకు మాత్రం ఎరిక లేదా? వీడు ప్లాట్‌ఫారం మీద ఎర్రను పచ్చ అన్ననాడే నా గుండె జారింది. ఆటలాడుతున్నడని నాకు నేనే చెప్పుకున్న." రెండు గదుల ఇంట్లో వాళ్లిద్దరూ ఒకే సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరు పదేళ్లు దాచిపెట్టుకున్నారు, చివరి ఇరవై రోజులు నేనూ వాళ్లతో కలిశాను. నాయిన లేచి, మేకుకున్న కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, తన ఇనుప పెట్టెలో వేసుకున్నాడు. "తేడా వచ్చింది. ఆపుడే," అన్నాడు. ఆ రోజు మా ఇంట్లో ప్రార్థన ఆయన చేయలేదు, అమ్మ చేసింది.

నన్ను ఆయన ఒక్క మాట కూడా అనలేదు. దానికంటే దెబ్బలు నయం. కానీ ఆ వారమే గుడికి వెళ్తూ కూడలి దగ్గర స్కూటరు ఆగినప్పుడు, "ఏందిరా?" అన్న మాట రాలేదు. నాయిన కుడి చెయ్యి ముందుకు చాపి తనే "ఎర్ర" అన్నాడు. నేను వెనకనుంచి "ఎర్ర" అన్నాను. నిజానికి నేను వంత పాడుతున్నట్టే. ఆయనకు అది తెలుసు. అప్పటి నుంచీ నాతో రోడ్డెక్కిన ప్రతిసారీ ఆయనే పిలిచాడు. నేను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరినప్పుడూ, నేను కారు కొని ఆయన పక్కసీట్లోకి మారినప్పుడూ, అద్దం దించి చెయ్యి చాపి పక్క కార్లవాళ్లు వింతగా చూస్తున్నా ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

అమ్మ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు మేము ఖాజాగూడలో ఉంటున్నాం, నాయిన నాతోనే. నీటికాసులు వచ్చి ఆయన రెండు కళ్లూ రెండేళ్లలో ఆరిపోయాయి. మొన్న శుక్రవారం కళ్ల దవాఖానకు తీసుకెళ్లి తిరిగి తెస్తున్నాను. ఇక చేసేదేం లేదు, చుక్కలు వేస్తూ ఉండండి అన్నారు. కళ్లు పోయినప్పటి నుంచీ ఆయన కారులో చేతులు ఒళ్లో పెట్టుకుని మౌనంగా కూర్చుంటాడు. ఆ మౌనం భరించలేక బుధవారం జరిగింది చెప్పాను. చీటీ, అడవి, అద్దాలు.

"చూడకుండ పిలువలేదు గద?" అన్నాడు.

"లేదు. అద్దాలు మరచిన అన్న."

"గదీ అబద్ధమే. ఎన్నేండ్లు ఫికర్ పడుతవ్ రా? ఆ పిల్లకు చెప్పు."

"చెప్త."

"చెప్త," అని తిరిగి అన్నాడు. ఇంతలో రాయదుర్గం మెట్రో దగ్గరి కూడలి వచ్చింది. కారు ఆపాను. ఇంజను చప్పుడు తగ్గడం విని ఆయన తల ఎత్తాడు. పాతికేళ్లకు పైగా అడగని మాట అడిగాడు.

"ఏందిరా, సామేలూ?"

ఎర్ర అని చెప్పవచ్చు. పైది ఎర్ర అని నాకు బట్టీయే. నోటిదాకా వచ్చింది. "పైది వెలుగుతున్నది నాయినా," అన్నాను. "నాకు కనబడేది గంతే."

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. "పైది ఆరింది. కిందిది వెలిగింది," అన్నాను.

నాయిన నుదురు ముడిచి ఆలోచించాడు. "రోడ్డుదే గద? రైలుది కాదు గద?"

"రోడ్డుదే."

ఆయన కుడి చెయ్యి ఒళ్లోంచి లేచి ముందుకు చాచుకుంది. బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది. "పచ్చ," అన్నాడు.

"పచ్చ," అని నేను బండి కదిలించాను.